రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్నవారికి రాత్రి చూపు సాధనాలు: ఎంపిక, పరీక్ష, వాడకం

కంటి లోపల వెనక వైపున వెలుతురును గ్రహించే పొర అయిన రెటీనాలోని కణాలు క్రమంగా క్షీణించే వంశపారంపర్య జబ్బుల్లో రెటినైటిస్ పిగ్మెంటోసా ప్రధానమైనది. కంటి ఆసుపత్రుల్లో డాక్టర్లూ రోగులూ దీన్ని ఆర్‌పీ అనే పిలుస్తారు. ప్రపంచం మొత్తం మీద సుమారు 4000 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బయటపడే రకాలు ఇందులో అనేకం ఉన్నందువల్ల, మేనరికాలు తరతరాలుగా సాగిన తెలుగు కుటుంబాల్లో దీని పేరు వినిపించడం వింతేమీ కాదు. చాలామందిలో మొదటి లక్షణం రేచీకటి. పగలు పేపరు చదివే మనిషి, సూదిలో దారం ఎక్కించగలిగే మనిషి, మునిమాపు వేళ వాకిట్లో నిలబెట్టిన స్కూటర్‌ను గుద్దుకుంటే ఇంట్లోవాళ్లు పరధ్యానం అనుకుంటారు. జబ్బు పేరు తెలిసేనాటికి చాలామంది పొద్దు గూకాక గడప దాటడం మానేసి ఉంటారు. తిరిగి దాటాలనుకునేవారు ఏ సాధనాన్ని, ఏ వరుసలో, ఎలా పరీక్షించి ఎంచుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

ముందుగా తెలియవలసిన సూత్రం

రెటీనాలో వెలుతురును గ్రహించే కణాలు ముఖ్యంగా రెండు రకాలు. మసక వెలుతురులో పనిచేసే రాడ్లు పది పన్నెండు కోట్లు, పగటి వెలుతురులో రంగులనూ సూక్ష్మ వివరాలనూ చూపించే కోన్లు సుమారు 60 లక్షలు ఉంటాయి. ఆర్‌పీలో మొదట దెబ్బతినేవి రాడ్లు. కోన్లు, అందులోనూ రెటీనా నడిమి భాగంలోనివి, సాధారణంగా ఇంకా చాలా ఏళ్లు నిలుస్తాయి. పోయిన రాడ్లను తిరిగి తెచ్చే పరికరం ఏదీ లేదు. 2017 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన లక్స్‌టర్నా జన్యు చికిత్స కూడా ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువులో లోపం ఉన్నవారికి ఉద్దేశించినది మాత్రమే.

కాబట్టి రాత్రి సాధనం ఏదైనా చేయగలిగింది ఒక్కటే: చీకట్లో ఉన్న దృశ్యాన్ని, మిగిలిన కోన్లకు అందే వెలుతురుకు తీసుకురావడం. టార్చిలైటు ఆ పనిని నేల మీదే చేస్తుంది. నైట్ విజన్ కెమెరా కంటి ముందున్న చిన్న తెర మీద చేస్తుంది. ఒక చోట ఎంత వెలుతురు పడుతుందో కొలిచే ప్రమాణం లక్స్. పున్నమి వెన్నెల లక్స్‌లో పదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది, మంచి వీధిదీపం కింద 5 నుంచి 20 లక్స్ ఉంటుంది, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం లక్ష లక్స్ దాకా పోతుంది. ఆరోగ్యమైన కన్ను ఈ మొత్తాన్నీ మోస్తుంది. ఆర్‌పీ ఉన్న కంటికి కింది చివర అందదు, పై చివర భరించరానిదవుతుంది. సాధనం కొనేటప్పుడు ఈ రెండు చివరలనూ మనసులో పెట్టుకోవాలి.

మొదటి అడుగు: కంటి స్థితిని అంకెల్లో తెలుసుకోవడం

రేచీకటి అనగానే మునగాకు, క్యారెట్లు, కాలేయం తినమనే సలహా వస్తుంది. విటమిన్ ఏ లోపం వల్ల వచ్చిన రేచీకటి ఆ విటమిన్ అందితే తగ్గుతుంది. ఆర్‌పీ వల్ల వచ్చినది తగ్గదు. పైగా ఏబీసీఏ4 అనే జన్యువులో లోపం ఉన్నవారికి అదనపు విటమిన్ ఏ హాని చేసే ప్రమాదం ఉంది కనుక, మందుల షాపులో అడిగి మాత్రలు మింగడం మంచిది కాదు. పుట్టుకతో వచ్చి ఏళ్లు గడిచినా పెరగని రేచీకటి వేరే ఉంది. ఆహార నియమంతో అదుపు చేయగల రెఫ్సమ్ వంటి అరుదైన జబ్బూ ఉంది. ఏది ఏదో తేల్చడానికి, వెలుతురుకు రెటీనా ఇచ్చే విద్యుత్ స్పందనను కొలిచే ఈఆర్‌జీ పరీక్ష, వీలైతే జన్యు పరీక్ష అవసరం.

సాధనాల విషయంలో డాక్టరును మూడు సంగతులు అడగాలి. కంటి కటకం వెనక భాగంలో శుక్లం వచ్చిందా? ఆర్‌పీ ఉన్నవారికి ఇది చిన్న వయసులోనే రావచ్చు. ఎదురుగా వచ్చే హెడ్‌లైటు చెదిరి కళ్లు బైర్లు కమ్మడానికి తరచుగా ఇదే కారణం, దీనికి శస్త్రచికిత్స ఉంది. రెటీనా నడుమ నీరు చేరిందా? రెటీనా పొరలను కాంతితో చిత్రించే ఓసీటీ స్కాన్‌లో తెలిసే ఈ వాపుకు మందులున్నాయి. ఈ రెండూ ఉంటే ముందు వాటికి వైద్యం చేయించుకోవాలి, సాధనం సంగతి ఆ తర్వాత. మూడోది, దృష్టి క్షేత్రం, అంటే చూపు కదల్చకుండా ఒక్కసారికి కనిపించే వెడల్పు, ఎన్ని డిగ్రీలు మిగిలింది? రెండు కళ్లతో చూస్తే అడ్డంగా సుమారు 180 డిగ్రీలు కనిపించాలి. ఆ క్షేత్రాన్ని కొలిచే పెరిమెట్రీ పరీక్ష నివేదికలో మీ అంకె ఎంతో అడిగి రాసుకోండి, ఎందుకంటే ఇక ముందు ప్రతి నిర్ణయం దాని మీదే ఆధారపడుతుంది.

ఆ అంకెకు చట్టపరమైన విలువ కూడా ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, అక్షరాల పలకను చివరి వరుస దాకా చదవగలిగినా సరే, దృష్టి క్షేత్రం 40 డిగ్రీల కంటే తగ్గి 10 డిగ్రీల వరకు ఉంటే అల్పదృష్టి, 10 డిగ్రీల కంటే తగ్గితే అంధత్వం. 'నాకు అక్షరాలు కనిపిస్తున్నాయి కదా, సర్టిఫికెట్ ఎవరిస్తారు' అనుకుని దరఖాస్తే చేయనివారు ఎందరో. సదరం శిబిరానికి గానీ, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు కోసం గానీ వెళ్లేటప్పుడు పెరిమెట్రీ నివేదికను తప్పనిసరిగా వెంట తీసుకువెళ్లాలి. పరీక్షలకు హైదరాబాద్ మెహిదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో పరీక్షలతో పాటు చూపు తగ్గినవారికి సాధనాలు చూపించి నేర్పే పునరావాస విభాగం కూడా ఉంది.

రెండో అడుగు: మీ చీకట్లను విడదీయడం

చీకటి అంతా ఒకటే కాదు. ఒక వారం పాటు ఎక్కడెక్కడ తట్టుకున్నారో, ఎక్కడ ఆగిపోయారో రాసి పెట్టుకుంటే, మీ ఇబ్బంది ఏ రకానిదో తేటపడుతుంది. కరెంటు పోయిన ఇల్లు, పల్లెలో పెరటి దారి వంటి చోట్ల వెలుతురే ఉండదు గానీ దారి తెలిసినదే. పట్నం వీధిలో వెలుతురు మచ్చలు మచ్చలుగా ఉంటుంది; దీపానికీ దీపానికీ మధ్య నల్లటి ఖాళీ, అందులో మూత లేని మ్యాన్‌హోల్, ఎదురుగా బైకు లైటు. జాతరలోనూ రైల్వే ప్లాట్‌ఫాం మీదా వెలుతురు ఉన్నా పక్కల నుంచి వచ్చే మనుషులూ సామానూ కనిపించవు. అక్కడి సమస్య చీకటి కాదు, కుంచించుకుపోయిన దృష్టి క్షేత్రం. దానికి టార్చి ఎంత పెద్దదైనా ఉపయోగం లేదు, కర్ర కావాలి.

ఎండలోంచి గుడి లోపలికి, వీధిలోంచి సినిమా హాల్లోకి అడుగుపెట్టినప్పటిది మరో రకం. ఆరోగ్యమైన కంట్లో కోన్లు చీకటికి సర్దుకోవడానికి పది నిమిషాల దాకా, రాడ్లు పూర్తిగా సర్దుకోవడానికి అరగంట పైన పడుతుంది. ఆర్‌పీలో ఈ సర్దుబాటు ఇంకా నెమ్మది. దీనికి మందు బయటే ఉంది: ఎండలో ఉన్నంతసేపూ అంచున్న టోపీ, పక్కలను కూడా కప్పే గోధుమరంగు లేదా కాషాయపు అద్దాలు పెట్టుకుని, లోపలికి వెళ్లగానే తీసేయాలి. తలుపు దగ్గర గోడ పక్కన కొద్దిసేపు నిలబడాలి. సినిమాకు దీపాలు ఆర్పకముందే వెళ్లి కూర్చోవాలి.

మూడో అడుగు: ఇల్లు

ఇది చవకైన పని, ఒక ఆదివారంలో అయిపోతుంది. మంచం నుంచి బాత్‌రూం దాకా, వంటింటి గడప దగ్గర, మెట్ల పైనా కిందా మనిషి కదిలితే వెలిగే సెన్సార్ దీపాలు, నేలకు దగ్గరగా, బల్బు కంట్లో పడకుండా బిగించాలి. ప్రతి మెట్టు అంచుకూ మెట్టు రంగుకు విరుద్ధమైన రంగు పట్టీ అతికించాలి. తలుపులు పూర్తిగా తెరిచి గానీ పూర్తిగా మూసి గానీ ఉండాలి. సగం తెరిచిన తలుపు అంచు నుదుటికి తగిలేదాకా కనిపించదు. స్టూళ్లు, బిందెలు, చెప్పులు నడిచే దారిలో ఉండకూడదన్న నియమాన్ని ఇంట్లో అందరూ పాటించాలి. కరెంటు పోయినప్పుడు తనంతట తానే వెలిగే ఎమర్జెన్సీ లైటు ఒకటి నడవలో ఉంటే చాలు.

నాలుగో అడుగు: వెడల్పు వెలుతురు ఇచ్చే టార్చి

నైట్ విజన్ కళ్లద్దాల గురించి అడుగుతూ వచ్చేవారిలో ఎక్కువమందికి మొదట కావలసింది మంచి టార్చి అని నా అభిప్రాయం. మామూలుగా దొరికే టార్చి దూరాన ఒక చిన్న గుండ్రటి మచ్చను వెలిగించడానికి తయారైనది. పొలం కాపలాకు అది పనికొస్తుంది. ఆర్‌పీ ఉన్నవారికి కావలసింది పాదాల దగ్గరి నుంచి అయిదారు మీటర్ల దాకా, దారి ఈ అంచు నుంచి ఆ అంచుకు, సమానంగా పరుచుకునే వెలుతురు. అమెరికాలోని లో విజన్ (అల్పదృష్టి) కేంద్రాలు దీని కోసమే వైడ్ యాంగిల్ మొబిలిటీ లైట్ అనే ప్రత్యేక దీపాన్ని వాడాయి. ఇప్పటి ఎల్‌ఈడీ టార్చిల్లో ఆ గుణం ఉన్నవి రెండు మూడు వేల రూపాయలకే దొరుకుతున్నాయి.

లెక్క వేసి చూద్దాం. దీపం మొత్తం వెదజల్లే వెలుతురును ల్యూమెన్లలో కొలుస్తారు. 1000 ల్యూమెన్ల వెలుతురు 90 డిగ్రీల వెడల్పులో సమంగా పరుచుకుంటే 3 మీటర్ల దూరాన సుమారు 60 లక్స్ పడుతుంది. దూరం రెట్టింపై 6 మీటర్లయితే అది నాలుగో వంతుకు, అంటే 15 లక్స్‌కు, మంచి వీధిదీపం స్థాయికి తగ్గుతుంది. 300 ల్యూమెన్లే అయితే 3 మీటర్ల దగ్గరే 18 లక్స్. కాబట్టి వీధిలో నడకకు 800 నుంచి 1000 ల్యూమెన్లు, ఇంటి ఆవరణలో 200 నుంచి 300 సరిపోతాయి. డబ్బా మీద అచ్చు వేసిన అంకెను పూర్తిగా నమ్మవద్దు. చిన్న టార్చి మీద లక్ష ల్యూమెన్లని రాసి ఉంటే ఆ ప్రకటన అబద్ధమే.

దుకాణంలో పరీక్షించే తీరు ఇది. తెల్లగోడకు రెండు మీటర్ల దూరంలో నిలబడి వెలిగించాలి. నడుమ కళ్లు చెదిరే మచ్చ, దాని చుట్టూ నల్లటి వలయం కనిపిస్తే ఆ టార్చి వద్దు. మీ చూపు ఆ మచ్చకు అలవాటుపడి, చుట్టుపక్కల ఇంకా చీకటిగా తోస్తుంది. వెలుతురు నడిమి నుంచి అంచులకు మెల్లగా పలచబడాలి. ఆ తర్వాత పూర్తి కాంతిలో పది నిమిషాలు వెలగనివ్వాలి. వేడెక్కగానే కాంతిని తనంతట తానే తగ్గించుకోవడం ఈ టార్చిల స్వభావం. తగ్గిన తర్వాత మిగిలేదే మీరు నిజంగా కొనే వెలుతురు. నీలం ఛాయ ఎక్కువగా ఉన్న తెలుపు కొందరికి కంటిని పొడిచినట్టు ఉంటుంది. 4000 కెల్విన్ (వెలుతురు ఛాయను తెలిపే కొలత) దగ్గరి తటస్థ తెలుపు చాలామందికి హాయిగా ఉంటుంది. బ్యాటరీ 18650 రకం లిథియం సెల్ అయితే, రక్షణ సర్క్యూట్ ఉన్న మంచి కంపెనీ సెల్‌నే కొనాలి. జేబులో మరో చిన్న టార్చి ఎప్పుడూ ఉండాలి, ఎందుకంటే దీపం ఆరిపోయినప్పుడు పక్కనున్నవారికి మసకగానైనా దారి కనిపిస్తుంది, మీకు మాత్రం ఏమీ కనిపించదు.

తలకు కట్టుకునే హెడ్‌ల్యాంప్ చేతులను ఖాళీగా ఉంచుతుంది గానీ, వెలుతురు కంటి వరుస నుంచే పోవడం వల్ల వస్తువుల నీడలు వాటి వెనకే దాక్కుంటాయి. గుంత, మెట్టు, రాయి అన్నీ చదునుగా కనిపిస్తాయి. దుమ్ములో, వానలో, పొగమంచులో ఆ వెలుతురు తిరిగి కంట్లోనే పడుతుంది. అదే టార్చిని నడుము ఎత్తున పట్టుకుంటే, లేదా బెల్టుకు తగిలిస్తే, ప్రతి ఎత్తుపల్లానికీ నీడ సాగి నేల తీరు తెలుస్తుంది. ఎదురుగా మనిషి వస్తే దీపాన్ని కిందికి వంచడం మర్యాద. బైకు మీద వచ్చేవాడి కళ్లు మీ దీపానికి చెదిరితే ప్రమాదం మీకే.

అయిదో అడుగు: కర్ర

దృష్టి క్షేత్రం 20 డిగ్రీల దగ్గరికి వచ్చిందంటే టార్చితో పాటు తెల్లకర్ర కూడా నేర్చుకోవాలన్నది నా సలహా. దీపం చూపించినదాన్ని చూడటానికి మీరు అటు చూసి ఉండాలి. కర్ర మీరు చూడనిదాన్ని కూడా తాకి చెబుతుంది. మెట్టు దిగుడు, కాలువ అంచు, కొత్తగా తవ్విన గుంత దానికి ముందే తెలుస్తాయి. భుజాల వెడల్పున, పాదానికి ఎదురు వైపున కొనను తాకిస్తూ నడిచే పద్ధతిని, చూపు తగ్గినవారికి నడక నేర్పే మొబిలిటీ శిక్షకుల దగ్గర నేర్చుకోవాలి, మొదట పగలు, తర్వాత సంధ్య వేళ, చివరికి రాత్రి. కర్రకు మెరిసే టేపు అతికించి ఉంటే వాహనాల వెలుతురులో అది దూరానికే కనిపిస్తుంది.

నడుముకు పైన వేలాడే కొమ్మలు, కిటికీ రెక్కలు, ఆగిన లారీ తోక కర్రకు అందవు. ఐఐటీ ఢిల్లీ రూపొందించి 2014లో విడుదలైన స్మార్ట్‌కేన్ కర్ర పిడికి బిగించే పరికరం. అది అతిధ్వని తరంగాలతో మూడు మీటర్ల లోపు, మోకాలి నుంచి తల ఎత్తు దాకా ఉన్న అడ్డంకులను గుర్తించి పిడిలో కంపనం ద్వారా చెబుతుంది. ఆర్‌పీతో పాటు వినికిడి కూడా తగ్గే అషర్ సిండ్రోమ్ ఉన్నవారికి, మాటల్లో చెప్పే పరికరాల కంటే ఇలా కంపించేవి మేలు.

'పెళ్లి అయ్యేదాకా అమ్మాయి చేతికి కర్ర వద్దు' అనే మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది. మడిచి సంచిలో పెట్టుకోగల కర్ర ఉంటుందని, అవసరమైన చోటే తెరవవచ్చని ఆ పెద్దలకు చెప్పవచ్చు. వెంట నడిచే బంధువులకు కూడా ఒక పద్ధతి నేర్పాలి: మణికట్టు పట్టి లాగకూడదు, మీరే వారి మోచేతి పైభాగాన్ని పట్టుకుని అరడుగు వెనక నడవాలి. వారి భుజం దిగితే మెట్టు దిగుతోందని మీకు ముందే తెలుస్తుంది.

ఆరో అడుగు: ఎలక్ట్రానిక్ నైట్ విజన్ పరికరాలు

ఇక్కడే డబ్బు ఎక్కువగా వృథా అవుతుంది కనుక, ఒక్కో రకం ఎలా పనిచేస్తుందో తెలిసి ఉండాలి.

మొదటిది సైన్యం నుంచి వచ్చిన ఇమేజ్ ఇంటెన్సిఫయర్. లోపలికి వచ్చిన కొద్దిపాటి కాంతిని ఎలక్ట్రాన్లుగా మార్చి, వాటిని వేల రెట్లు పెంచి, ఆకుపచ్చ తెర మీద బొమ్మగా చూపిస్తుంది. దీన్ని ఆర్‌పీ రోగులకు వాడవచ్చునని బోస్టన్‌కు చెందిన ఎలియట్ బెర్సన్ బృందం 1970ల మొదట్లోనే ప్రతిపాదించింది. అయినా అది వాడుకలో పెద్దగా నిలవలేదు, అందుకు తగిన కారణాలున్నాయి. చూపే వెడల్పు సాధారణంగా 40 డిగ్రీలే. ఒంటి కంటితో చూస్తే లోతు అంచనా తప్పుతుంది. హెడ్‌లైటు పడగానే బొమ్మ తెల్లగా పొంగిపోతుంది. ధర లక్షల్లో ఉంటుంది. అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నల కోసం దీన్ని సూట్‌కేసులో తేవాలనుకుంటారు. నాణ్యమైన ఇంటెన్సిఫయర్ ట్యూబులు అక్కడి ఎగుమతి నియంత్రణ చట్టాల కిందికి వస్తాయి. లైసెన్సు లేకుండా దేశం దాటించడం తీవ్రమైన నేరం కావచ్చు.

రెండోది తక్కువ వెలుతురు కెమెరాను కళ్లద్దాలకు బిగించిన రకం. జపాన్‌లో హోయా సంస్థ, క్యుషు విశ్వవిద్యాలయ వైద్యుల సహకారంతో 2018లో విడుదల చేసిన ఎండబ్ల్యూ10 ఆర్‌పీ రోగుల రేచీకటి కోసమే తయారైనది. తర్వాత ఆ పని విక్సియన్ అనే సంస్థకు మారింది. ఇది రంగుల్లోనే చూపిస్తుంది, రెండు కళ్లకూ తెర ఉంటుంది, వెడల్పు కటకం అమర్చుకోవచ్చు. విడుదలైనప్పుడు దాని ధర సుమారు 4 లక్షల యెన్లు. సాంకేతికంగా ఆర్‌పీ అవసరానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చినది ఇదే. అయితే కొనే ముందు మన దేశంలో మరమ్మతు ఎవరు చేస్తారో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

మూడోది, వేటగాళ్ల కోసం, కాపలా కోసం ఆన్‌లైన్‌లో అమ్మే చవక డిజిటల్ మోనాక్యులర్ (ఒంటి కంటితో చూసే దుర్భిణి). ఇది కంటికి కనిపించని పరారుణ కాంతిని తానే వెదజల్లుతుంది: 850 నానోమీటర్ల రకంలో దీపం మసక ఎరుపుగా మెరుస్తుంది కానీ దూరం అందుతుంది, 940 రకంలో ఏమీ కనిపించదు కానీ దూరం తగ్గుతుంది. బొమ్మ నలుపు తెలుపుల్లో ఉండి, ఆకులు తెల్లగా, బట్టల ఛాయలు తారుమారుగా అగుపిస్తాయి. ఆగి చూసుకోవడానికి పనికొస్తుంది, నడవడానికి కాదు. శరీర వేడిని చూపే థర్మల్ కెమెరా కుక్కనూ ఆవునూ మనిషినీ పట్టిస్తుంది గానీ, నేలతో సమానమైన వేడిలో ఉన్న గుంతనూ మెట్టునూ చూపించదు; మే నెల రాత్రి మన రోడ్లే సెగలు కక్కుతుంటాయి కనుక మనిషి కూడా అందులో కలిసిపోతాడు.

చేతిలోని ఫోను నైట్ మోడ్ కొన్ని సెకన్ల పాటు అనేక చిత్రాలు తీసి కలుపుతుంది. ఆగి, ఒక ఫొటో తీసి, అందులో ఇంటి నంబరో మెట్ల వరుసో చూసుకోవడానికి ఇది బాగా ఉపయోగపడుతుంది. దాన్ని చూస్తూ నడవకూడదు.

అన్నిటికీ వర్తించే ఒక జాగ్రత్త ఉంది. మిగిలిన క్షేత్రం 10 డిగ్రీలే అయితే, 40 డిగ్రీల బొమ్మను యథాతథ పరిమాణంలో చూపించినా ఒక్కసారికి అందులో చిన్న ముక్కే మీకు అందుతుంది. వెడల్పు కటకం వేసి బొమ్మను కుదిస్తే ఎక్కువ పడుతుంది, కానీ వస్తువులు ఉన్నదానికంటే దూరంగా తోస్తాయి. కాళ్ల ముందున్న మెట్టు రెండడుగుల అవతల ఉన్నట్టు కనిపిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అందుకే ఈ పరికరాలు పెట్టుకున్నా కర్ర చేతిలోనే ఉండాలి.

ఏడో అడుగు: కొనే ముందు మీ వీధిలో పరీక్ష

దుకాణపు చీకటి గది మీ వీధి కాదు. తిరిగి ఇచ్చే గడువు ఉన్న చోట కొని, లేదా లో విజన్ విభాగంలో అరువు అడిగి, మీరు రోజూ నడిచే ఒకే దారిని ఎంచుకోండి. చూపున్న మనిషి రెండడుగుల వెనక మౌనంగా నడవాలి, ప్రమాదం అయితేనే ఆపాలి. ఆ దారిని మొదట వట్టి కళ్లతో, తర్వాత టార్చితో, తర్వాత టార్చి, కర్ర రెండింటితో, చివరికి ఎలక్ట్రానిక్ పరికరంతో నడవండి. పట్టిన సమయమెంత, ఎన్నిసార్లు దేనికి తగిలారు, ఎన్నిసార్లు ఆగారు అని వెనకనున్నవారు రాయాలి. నీటి మడుగు, లైటు లేని సైకిలు, తల ఎత్తున వేలాడే తీగ, ఎదురుగా వచ్చే కారు ఆ దారిలో ఉండేలా చూసుకోండి. తల తిప్పినప్పుడు తెర మీది బొమ్మ ఆలస్యంగా కదిలి కడుపులో తిప్పితే, ఎంత స్పష్టమైన బొమ్మయినా ఆ పరికరం మీకు పడదు. ఖరీదైన పరికరంతో వచ్చిన ఫలితం టార్చి, కర్రల ఫలితం కంటే స్పష్టంగా మెరుగ్గా ఉంటేనే డబ్బు పెట్టాలి.

విడిచిపెట్టవలసినవి

రాత్రి డ్రైవింగ్ కోసమంటూ అమ్మే పసుపు కళ్లద్దాలు ఉన్న వెలుతురులోనే కొంత తగ్గిస్తాయి. అమెరికాలోని స్కెపెన్స్ కంటి పరిశోధన సంస్థ 2019లో ప్రచురించిన సిమ్యులేటర్ పరీక్షలో, రోడ్డు మీది పాదచారిని గుర్తించడానికి ఇవి ఏ మాత్రం తోడ్పడలేదని తేలింది. అది కూడా ఆరోగ్యమైన కళ్లున్నవారిలో.

రాత్రి బండి నడపడాన్ని ఏ సాధనమూ సురక్షితం చేయలేదు. డ్రైవింగ్ లైసెన్సుకు మీరు సంతకం పెట్టి ఇచ్చే ఫారం 1లోనే రేచీకటి ఉందా అనే ప్రశ్న ఉంది. దానికి నిజమే రాయాలి. క్షేత్రం బాగా కుంచించుకుపోయినవారు పగటి డ్రైవింగ్ గురించి కూడా డాక్టరుతో తేల్చుకోవాలి.

ఎంచుకున్న తర్వాత

ఆర్‌పీ నెమ్మదిగా మారుతూ ఉంటుంది, కాబట్టి ఈ ఏడాది సరిపోయిన సాధనం మూడేళ్ల తర్వాత సరిపోకపోవచ్చు. ఏడాదికొకసారి పెరిమెట్రీ చేయించి పాత అంకె పక్కన కొత్తది రాయండి. ఏడో అడుగులో నడిచిన దారినే మళ్లీ నడిచి, తగిలిన లెక్కలను పోల్చండి. క్షేత్రం తగ్గకుండానే తగలడం పెరిగితే ముందు శుక్లం, వాపు చూపించుకోవాలి, ఆపైన టార్చి బ్యాటరీ పాతబడిందేమో చూడాలి. క్షేత్రం తగ్గి ఉంటే ఆ నివేదికతో లో విజన్ విభాగానికి వెళ్లి కర్ర శిక్షణను ముందుకు జరపమని, సదరం శాతాన్ని తిరిగి అంచనా వేయించే వీలుందేమో చెప్పమని అడగాలి.